ఖర్చు ముందు, సాయం వెనక: పీజీలో తొలి నెలల డబ్బు లెక్క

పీజీలో చేరిన విద్యార్థికి డబ్బు ఇబ్బంది రెండేళ్లూ ఒకేలా ఉండదు. మొదటి మూడు నాలుగు నెలల్లోనే ఎక్కువ. ఫీజు, డిపాజిట్లు, హాస్టల్ అడ్వాన్సు, పరుపు, బకెట్టు, పుస్తకాలు, అన్నీ చేరిన కొద్ది వారాల్లోనే మీద పడతాయి. స్కాలర్‌షిప్పయినా, ఫీజు రీయింబర్స్‌మెంటయినా, ఫెలోషిప్పయినా నెలలు గడిచాక గానీ రాదు. ఖర్చు ముందు, సాయం వెనక. రెండేళ్ల లెక్క వేసి చూస్తే చదువు అందుబాటులోనే ఉన్నట్టు కనబడుతుంది. కానీ సెప్టెంబరు నెలలో చేతిలో ఎంత ఉండాలన్నది వేరే లెక్క. చాలా ఇళ్లలో మొదటి లెక్క వేస్తారు, రెండోది వేయరు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఈ చిక్కు ఇంకాస్త గట్టిగా తెలుస్తుంది. దానికి కారణం సేద్యం. మామిడికాయ మే నుంచి జూలై దాకా. ఆ డబ్బు వచ్చీ రాగానే పాత బాకీలకు, ఎరువుల అంగడికి సర్దుబాటవుతుంది. శనక్కాయలు జూన్, జూలైలో విత్తితే కాయ పీకేది అక్టోబరు, నవంబరులో. పీజీ కౌన్సెలింగు సరిగ్గా ఈ రెంటికీ నడుమ, ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలో పడుతుంది. మామిడి డబ్బు అయిపోయి ఉంటుంది, శనక్కాయల డబ్బు ఇంకా రాదు. టమోటా రేటును నమ్ముకుని ఫీజు గడువు పెట్టుకునే రైతు ఎవరూ ఉండరు. పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు చాలా ఇళ్లకు నికరంగా వచ్చేది పాల బిల్లు ఒక్కటే. పదిహేను రోజులకోసారి వచ్చే ఆ బిల్లుతో నెలనెలా మెస్సు డబ్బు కట్టవచ్చు. ఒకేసారి పెద్ద మొత్తం కట్టాలంటే మాత్రం అది చాలదు.

ఈ ప్రాంతంలో పీజీ చదువుకు చోట్లు తక్కువేమీ కాదు. తిరుపతిలో 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చాయి. కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం, 2015లో తిరుపతికి ఐఐటీ, ఐసర్ వచ్చాయి. పాత సంస్కృత విద్యాపీఠం 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంగా, కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారింది. ఇవి కాక ప్రైవేటు కళాశాలలు ఉన్నాయి. ఎక్కడి ఫీజు అక్కడిదే. కానీ డబ్బు పోయే వరస, వచ్చే వరస అన్ని చోట్లా దాదాపు ఒకటే.

పీజీకి మొదటి ఖర్చు పీజీ కళాశాలలో మొదలవదు. డిగ్రీ చదివిన పాత కళాశాలలో మొదలవుతుంది. టీసీ కావాలి, మార్కుల జాబితాలు కావాలి, ప్రొవిజినల్ కావాలి, వేరే విశ్వవిద్యాలయానికి మారితే మైగ్రేషన్ సర్టిఫికెట్టూ కావాలి. వీటికి కట్టే చలానాలు చిన్నవే. అసలు ఇబ్బంది బకాయి దగ్గర వస్తుంది. డిగ్రీ మూడేళ్లూ రీయింబర్స్‌మెంటు మీద చదివిన విద్యార్థికి చివరి విడత ప్రభుత్వం నుంచి ఇంకా రాకపోయి ఉండవచ్చు. అప్పుడు కొన్ని ప్రైవేటు కళాశాలల్లో వినిపించే మాట ఒకటే: ముందు మీరు కట్టండి, ప్రభుత్వం డబ్బు వచ్చాక వెనక్కి ఇస్తాం. విద్యార్థుల సర్టిఫికెట్లు బకాయి కోసం ఆపరాదని అధికారులు చెబుతూనే ఉంటారు. ఆ మాట కౌంటరు దాకా చేరడానికి టైము పడుతుంది, సీటు గడువు మాత్రం ఆగదు. కట్టక తప్పని పరిస్థితి వస్తే, ఏ సంవత్సరం ఏ విడత కింద ఎంత కట్టిందీ రాసిన రసీదు తీసుకోవాలి. రసీదు లేకుండా కట్టిన డబ్బును తర్వాత అడగడానికి దారి ఉండదు. ఈ పని కౌన్సెలింగు మొదలయ్యాక కాదు, డిగ్రీ ఫలితాలు వచ్చిన వారంలోనే చేసుకోవాలి. అప్పుడు సర్దుకోవడానికి ఒక నెల చేతిలో ఉంటుంది.

సర్టిఫికెట్ల దగ్గరే ఇంకో సంగతి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరయింది. అంతకు ముందు తీసిన కుల ధ్రువపత్రాల మీద చిత్తూరు జిల్లా అని ఉంటుంది. ఇప్పటి చిరునామా తిరుపతి జిల్లా అంటుంది. పేర్లలోనూ ఇలాంటి తేడాలే. పదో తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరే ఉండదు. మనిషి ఒకరే, పేర్లు మూడు. ఇది నవ్వుకునే విషయంలా ఉన్నా, స్కాలర్‌షిప్పు దరఖాస్తు ఆగిపోవడానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు. ఆదాయ ధ్రువపత్రంతో పాటు ఈ తేడాలనూ సచివాలయంలోనో, మీసేవలోనో వేసవిలోనే సరిచేసుకున్నవారికి సెప్టెంబరులో తిరుగుడు తప్పుతుంది.

ఇక సీటు. 2021 నుంచి రాష్ట్ర విశ్వవిద్యాలయాలన్నింటికీ కలిపి పీజీసెట్ అనే ఒకే ప్రవేశ పరీక్ష నడుస్తోంది. ర్యాంకు వస్తుంది, వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటారు, సీటు కేటాయిస్తారు. కేటాయించిన తర్వాత రిపోర్టు చేయడానికి ఇచ్చేది కొద్ది రోజులే. ఆ రోజుల్లో ఫీజు కట్టి చేరకపోతే సీటు పోతుంది. అందుకని ఆప్షన్లు పెట్టేటప్పుడే కోర్సు పేరుతో పాటు ఫీజు వివరం కూడా చూసుకోవాలి. ఒకే విశ్వవిద్యాలయంలో, ఒకే ప్రాంగణంలో రెగ్యులర్ కోర్సుకు ఒక ఫీజు, విద్యార్థుల ఫీజుతోనే నడిచే సెల్ఫ్ సపోర్టింగ్ కోర్సుకు అంతకన్నా ఎక్కువ ఫీజు ఉంటుంది. రెండింటి మధ్య తేడా చిన్నది కాదు. పాఠాలు చెప్పే గదులు పక్కపక్కనే ఉంటాయి, చలానా మీద అంకెలు మాత్రం ఎక్కడో ఉంటాయి. ఆప్షన్లలో తొందరపడి సెల్ఫ్ సపోర్టింగ్ కోర్సును పైన పెట్టిన విద్యార్థికి ఆ సంగతి ఫీజు కౌంటరు దగ్గర తెలియకూడదు.

రిపోర్టింగు రోజు కట్టే మొత్తాన్ని ఒక్క ఫీజుగా చూడకూడదు. అందులో ట్యూషన్ ఫీజు వేరు. గ్రంథాలయం, ప్రయోగశాల, క్రీడలు, గుర్తింపు కార్డు వంటి పేర్లతో ఉండే స్పెషల్ ఫీజులు వేరు. కాషన్ డిపాజిట్ వేరు. ఈ మూడింటి స్వభావం మూడు రకాలు. ట్యూషన్ ఫీజు, అర్హత ఉంటే, ప్రభుత్వం నుంచి రావచ్చు. స్పెషల్ ఫీజులు చాలామటుకు విద్యార్థి చేతి నుంచే పోతాయి. కాషన్ డిపాజిట్ మాత్రం చదువు ముగిసి వెళ్లిపోయేటప్పుడు తిరిగి రావాల్సిన డబ్బు. రెండేళ్ల తర్వాత దాన్ని అడగడం చాలామంది మరిచిపోతారు. పెద్ద మొత్తం కాదు గనక పోనీలే అనుకుంటారు. చేరిన రోజు ఆ మొత్తం ఎంతో గట్టిగానే అనిపించి ఉంటుంది. చలానాను ఫోనులో ఫొటో తీసి, దాన్ని తనకు తానే మెయిల్ పంపుకుంటే రెండేళ్ల తర్వాత వెతుక్కునే పని ఉండదు. కాగితం చెదిరిపోతుంది, థర్మల్ కాగితం మీది అక్షరాలు ఆర్నెల్లలో వెలిసిపోతాయి.

చేరిన తర్వాత వేరేచోట మంచి సీటు వస్తే కట్టిన ఫీజు ఏమవుతుంది? ఇది చాలా ఇళ్లలో వచ్చే ప్రశ్న. 2018 అక్టోబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, దీని మీద స్పష్టమైన నిబంధన తెచ్చింది. ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు, అంతకు మించి ముందే మానుకుంటే ఫీజు మొత్తం వెనక్కి ఇవ్వాలి. ప్రాసెసింగు కింద 5 శాతం, అదీ 5,000 రూపాయలకు మించకుండా తీసుకోవచ్చు. ఆ తర్వాత ఆలస్యమైన కొద్దీ తిరిగి వచ్చేది తగ్గుతుంది. చివరి తేదీ దాటి 30 రోజులు గడిస్తే ఏమీ రాదు. కొన్ని సంవత్సరాలు యూజీసీ ఇంతకన్నా ఉదారంగా ఉంది. 2024-25లో సెప్టెంబరు 30 లోపు మానుకున్నవారికి మొత్తం ఫీజు తిరిగి ఇవ్వాలని చెప్పింది. అదే 2018 నిబంధన ఇంకో మాట కూడా చెబుతుంది: ఒరిజినల్ సర్టిఫికెట్లు పరిశీలించి వెంటనే తిరిగి ఇవ్వాలి, కళాశాల తన దగ్గర ఉంచుకోకూడదు. కాబట్టి మానుకునే ఆలోచన ఉంటే నోటిమాటగా కాదు, తేదీ వేసి రాతపూర్వకంగా, ఆలస్యం లేకుండా తెలపాలి. ఇక్కడ ఒక్కో రోజుకూ విలువ ఉంది.

ఫీజు తర్వాత హాస్టలు. తిరుపతి మామూలు విశ్వవిద్యాలయాల ఊరు కాదు, యాత్రికుల ఊరు. సెప్టెంబరు, అక్టోబరులో బ్రహ్మోత్సవాల రోజుల్లో లాడ్జీ గది కోసం వెతికితే దొరకదు, దొరికినా ఆ రేటు విద్యార్థి ఇచ్చుకోలేడు. చేరడానికి వచ్చే విద్యార్థి, తోడు వచ్చే నాయనో, మామో, ఆ తేదీలు చూసుకుని రావడం మంచిది. విశ్వవిద్యాలయ హాస్టళ్లలో గదులు తరగతులు మొదలయ్యాక కొన్నాళ్లకు గానీ కేటాయించరు. ఆ నడుమ రోజులే ఖర్చు రోజులు. ప్రతి పూటా బయట తినాలి, ఎవరి గదిలోనో సర్దుకోవాలి. 2024 ఆగస్టు నుంచి మళ్లీ తెరిచిన అన్న క్యాంటీన్లలో టిఫినయినా భోజనమయినా 5 రూపాయలే. వెంకన్న పట్నంలో ఆకలికి మొహమాటం అక్కర్లేదు. ఇడ్లీకి బయట 40 రూపాయలు ఇచ్చి, రాత్రికి డబ్బుల్లేక పస్తుండే బిడ్డల కన్నా, క్యాంటీను వరసలో నిలబడే బిడ్డలే లెక్క తెలిసినవాళ్లు.

హాస్టల్ దొరికాక మెస్సు. విశ్వవిద్యాలయాల్లో చాలావరకు నడిచేది డివైడింగ్ మెస్సు. దీన్ని అర్థం చేసుకోకుండా మొదటి నెల గడిపినవారు రెండో నెలలో ఉలిక్కిపడతారు. దాని పద్ధతి ఇది. బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు, గ్యాసు, ఇలా నెలలో అయిన ఖర్చంతా నెలాఖరున కూడతారు. ఆ నెలలో ఎవరెవరు ఎన్నెన్ని రోజులు తిన్నారో చూసి, అందరి రోజులూ కలిపి, ఖర్చును ఆ రోజులతో భాగిస్తారు. ఉదాహరణకు వందమంది ఉన్న మెస్సులో నెలకు మూడు లక్షలు అయిందనుకుంటే, తలకు మూడు వేలు. అంటే రోజుకు వంద. ఊరికి వెళ్తున్నట్టు ముందే పుస్తకంలో రాసి పది రోజులు వెళ్లినవారికి ఆ పది రోజులు తగ్గుతాయి. రాయకుండా వెళ్తే తగ్గవు. తిన్నా తినకపోయినా లెక్కలో తిన్నట్టే.

ఇందులో రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, బిల్లు ఎంతో నెల అయిపోయాక గానీ తెలియదు. రెండు, సంక్రాంతి, దసరా వంటి సెలవుల్లో చాలామంది ఊళ్లకు వెళ్లిపోతే, వంటవాళ్ల జీతాలు, గ్యాసు వంటి స్థిర ఖర్చులు మిగిలిన కొద్దిమంది మీద పడతాయి. ఆ నెల రోజు రేటు పెరుగుతుంది. మొదటి నెల బిల్లు చేతికి వచ్చేసరికి రెండో నెల సగం గడిచి ఉంటుంది. కట్టడం ఒక నెల ఆలస్యమైతే రెండు బిల్లులు ఒకేసారి వస్తాయి. మొదటి నెలంతా ఎవరూ డబ్బు అడగలేదు కదా అని, చేతిలో ఉన్నది ఖర్చు చేసుకున్న విద్యార్థి ఇక్కడే ఇరుక్కుంటాడు. అడగని డబ్బు లేని డబ్బు కాదు. రోజు రేటు సీనియర్లను అడిగితే సుమారుగా చెబుతారు. తిన్న రోజుకు ఆ మొత్తం పక్కన పెట్టుకుంటూ పోతే బిల్లు వచ్చిన రోజు కొత్తగా వెతుక్కోనక్కర్లేదు.

హాస్టల్ వద్దనుకుని బాలాజీ కాలనీ, భవానీ నగర్ వైపు నలుగురు కలిసి గది తీసుకునేవారూ ఉంటారు. అక్కడ అద్దె కన్నా అడ్వాన్సు బరువు. రెండు మూడు నెలల అద్దె ముందే ఇవ్వాలి, ఖాళీ చేసేటప్పుడు సున్నం ఖర్చు పేరుతో కొంత కోత పడుతుంది. ఎవరు ఎంత అడ్వాన్సు పెట్టారో నలుగురూ ఒక కాగితం మీద రాసుకుని సంతకాలు చేసుకోవాలి. స్నేహం చెడేది తరచూ ఈ లెక్క దగ్గరే. అమ్మాయిలకు ఇప్పుడు ఇంకో దారి ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు చార్జీ లేదు. చిత్తూరు నుంచి తిరుపతికి సుమారు 70 కిలోమీటర్లు. రోజూ రానూపోనూ తిరగడం ఒంటికి కష్టమే. అయినా హాస్టల్ గది దొరికే దాకా మొదటి నెల అలా నెట్టుకు రావచ్చు. శ్రీకాళహస్తి, పుత్తూరు, చంద్రగిరి వంటి దగ్గరి ఊళ్లవారికి రెండేళ్లూ అదే కుదరవచ్చు.

ఇప్పటిదాకా చెప్పుకున్నది పోయే డబ్బు. ఇక వచ్చే డబ్బు సంగతి.

ప్రభుత్వ సాయంలో ముఖ్యమైనవి రెండు. ఫీజు రీయింబర్స్‌మెంటు, దాన్ని కార్యాలయాల్లో ఆర్టీఎఫ్ అంటారు. హాస్టలు, భోజనం ఖర్చుకు ఇచ్చేది ఎంటీఎఫ్. మధ్యలో కొన్నేళ్లు వీటినే విద్యా దీవెన, వసతి దీవెన అన్నారు. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఉండాలి, హాజరు 75 శాతం ఉండాలి. దరఖాస్తు జ్ఞానభూమి పోర్టల్ ద్వారా, కళాశాల ధ్రువీకరణతో వెళ్తుంది. ఇక్కడ పీజీ విద్యార్థి ప్రత్యేకంగా అడిగి తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. 2020 చివర్లో వచ్చిన 77వ నంబరు జీవో ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివేవారికి ఈ సాయాన్ని ఆపింది. ప్రభుత్వ, విశ్వవిద్యాలయ కళాశాలల వారికే ఉంచింది. దాన్ని రద్దు చేయాలని విద్యార్థి సంఘాలు ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చాయి. డిగ్రీకి వచ్చింది గనక పీజీకీ వస్తుందిలే అనుకుని ప్రైవేటు కళాశాలలో చేరినవారు ఎందరో దెబ్బతిన్నారు. కాబట్టి చేరే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది: ఈ కోర్సుకు, ఈ కళాశాలలో, ఈ సంవత్సరం రీయింబర్స్‌మెంటు ఉందా? జవాబు బ్రోకరు దగ్గర కాదు, సాంఘిక సంక్షేమ శాఖ కార్యాలయంలోనో, విశ్వవిద్యాలయ స్కాలర్‌షిప్పుల విభాగంలోనో అడగాలి.

డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో కూడా తెలిసి ఉండాలి. 2021 నుంచి కొన్నేళ్లు ఫీజు డబ్బు తల్లుల ఖాతాల్లో వేశారు. తల్లి తీసుకెళ్లి కళాశాలకు కట్టాలి. ఇంటి అవసరానికి వాడేసుకుని తర్వాత కట్టలేక అవస్థపడ్డ కుటుంబాలున్నాయి. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కళాశాలల ఖాతాలకే అన్నారు. పద్ధతి ఏదైనా విద్యార్థి ఖాతాకు నేరుగా వచ్చే సాయం విషయంలో ఒక మెలిక ఉంది. అలాంటి డబ్బు ఆధార్‌కు చివరిగా అనుసంధానం చేసిన ఖాతాలో పడుతుంది, దరఖాస్తులో రాసిన ఖాతాలో పడకపోవచ్చు. ఇంటర్‌లో ఉండగా మండల కేంద్రంలో తెరిచిన ఖాతా ఒకటి ఉంటుంది. రెండేళ్లకు పైగా దాంట్లో వేసిందీ లేదు, తీసిందీ లేదు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం అది నిద్రాణ ఖాతా అయిపోతుంది. స్కాలర్‌షిప్పు అక్కడికి వెళ్లి ఆగుతుంది. విద్యార్థి ఇక్కడ తిరుపతిలో రోజూ కొత్త ఖాతా చూసుకుంటూ డబ్బు రాలేదంటాడు. చేరిన వారంలోనే బ్యాంకుకు వెళ్లి ఆధార్ ఏ ఖాతాకు అనుసంధానమై ఉందో అడగడానికి ఒక్క పూట చాలు.

పీజీ వారికి ఇంకో అవకాశం యూజీసీ ఇచ్చే జాతీయ పీజీ స్కాలర్‌షిప్పు. 2023-24లో మొదలైంది. నెలకు 15,000 రూపాయల చొప్పున ఏడాదికి పది నెలలు, రెండేళ్లు ఇస్తారు. దేశం మొత్తానికి ఏటా 10,000 మందికే గనక పోటీ గట్టిది, డిగ్రీ మార్కులే ఆధారం. దరఖాస్తు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో, మొదటి సంవత్సరంలోనే. చేరిన హడావిడిలో గడువు దాటిపోయేది సరిగ్గా ఇలాంటివే. డిగ్రీలో మంచి మార్కులున్న విద్యార్థి దీన్ని వదులుకోకూడదు.

ఎంటెక్‌లో గేట్ ద్వారా చేరినవారికి నెలకు 12,400 రూపాయలు. పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ ఉన్నవారికి 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000. ఈ అంకెలు వినగానే ఇక ఇంటి నుంచి డబ్బు అక్కర్లేదనుకుంటారు. మొదటి నెలల్లో అలా కుదరదు. చేరిన నివేదిక వెళ్లాలి, ఖాతా వివరాలు నమోదు కావాలి, సంస్థ ధ్రువీకరించాలి, ఆ తర్వాత గానీ డబ్బు కదలదు. ఏర్పేడు ఐఐటీలో చేరినా, తిరుపతిలోని విశ్వవిద్యాలయ ప్రాంగణంలో చేరినా ఈ వరస తప్పదు. మూడు నెలలకు సరిపడా తిండి, గది ఖర్చు చేతిలో ఉంచుకుని రావాలి. తర్వాత బకాయిలన్నీ కలిసి ఒకేసారి పడతాయి. అది కొత్తగా వచ్చిన డబ్బు కాదు, గడిచిన నెలలది. ముందు మెస్సు బాకీ, ఇంటి దగ్గర తెచ్చుకున్న చేబదులు తీర్చి, మిగిలితేనే కొత్త ఫోను సంగతి.

అయితే ఆ నడుమ నెలలు గడిచేదెలా? ఖర్చు ముందు, సాయం వెనక అన్నప్పుడు మధ్యలో ఒక సర్దుబాటు కావాలి. పల్లెల్లో వెంటనే దొరికేది వడ్డీ అప్పు. నూటికి రెండు రూపాయలే కదా అంటారు. ఇరవై వేలు తెస్తే నెలకు నాలుగు వందలు, ఏడాదికి నాలుగు వేల ఎనిమిది వందలు. శాతంలో చెబితే 24. నూటికి మూడైతే 36. బంగారం మీద బ్యాంకులో తీసుకునే రుణం దీనికన్నా ఎంతో చవక. అమ్మ పొదుపు సంఘంలో ఉంటే సంఘం అప్పు ఇంకా మేలు, కంతులు చిన్నవి. ఫోనులో ఒక్క నిమిషంలో అప్పిచ్చే యాప్‌ల జోలికి మాత్రం వెళ్లకూడదు. వాటి వడ్డీ ఒక బాధ, ఫోనులోని నంబర్లన్నింటికీ ఫోన్లు చేసి పరువు తీయడం ఇంకో బాధ.

బ్యాంకు విద్యా రుణం ఎంటెక్, ఎంబీఏ వంటి పెద్ద ఫీజుల చదువుకు సరిపోతుంది. నాలుగు లక్షల దాకా తాకట్టూ అక్కర్లేదు, విద్యార్థి తన వాటాగా ముందు పెట్టాల్సిన సొమ్మూ ఉండదు. చదువు నడిచినంత కాలం, ఆ తర్వాత ఒక ఏడాది దాకా కంతులు మొదలవవు. 2024 నవంబరు 6న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో, ఎంపిక చేసిన మంచి సంస్థల్లో చేరి, కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉన్నవారికి పది లక్షల వరకు రుణం మీద మూడు శాతం వడ్డీ రాయితీ ఉంది. అయితే రుణం మంజూరు కావడానికి వారాలు పడుతుంది. సీటు కేటాయింపు పత్రం వచ్చిన రోజే బ్యాంకులో అడుగు పెట్టాలి. ఎంఏ, ఎమ్మెస్సీ రెగ్యులర్ కోర్సుల ఫీజుకు ఇంత తంతు అవసరం రాదు. అక్కడ కావలసింది పెద్ద రుణం కాదు, మూడు నెలల చేబదులు.

కొందరు విద్యార్థులు తామే సంపాదించుకుంటారు. సాయంత్రం బడిపిల్లలకు ట్యూషన్ చెబుతారు, ముహూర్తాల రోజుల్లో కల్యాణ మండపాల్లో వడ్డనకు వెళ్తారు. వడ్డన డబ్బు ఆ రాత్రికే చేతికి వస్తుంది. కానీ భాద్రపదంలోనూ, మూఢంలోనూ పెళ్లిళ్లుండవు. ఫీజు గడువు పంచాంగం చూసి రాదు. పైగా హాజరు 75 శాతం కన్నా తగ్గితే రీయింబర్స్‌మెంటుకే ఎసరు. ఒక రాత్రి పనికి వచ్చే వందల కోసం ఏడాదికి వచ్చే వేలు పోగొట్టుకోవడం లెక్క కాదు. ట్యూషన్ నయం, టైము ముందే తెలుస్తుంది.

కొనాల్సిన వస్తువుల్లో తొందర పనికిరాదు. మొదటి నెలలో పుస్తకాలు కొననక్కర్లేదు. సిలబస్ ఏమిటో, ఏ పుస్తకం నిజంగా అవసరమో తెలియడానికే నెల పడుతుంది. అప్పటిదాకా గ్రంథాలయం ఉంది, పాత పుస్తకాలు సగం ధరకు ఇచ్చే సీనియర్లు ఉన్నారు. ల్యాప్‌టాప్ కూడా డిపార్టుమెంటులో ఏ సాఫ్ట్‌వేర్ వాడతారో తెలిశాకే. పరుపు, బకెట్టు, చెంబు మాత్రం ఇంటి నుంచే రావాలి. అమ్మాయిలకు బస్సు చార్జీ లేకపోయినా లగేజీ మోసే కూలి తప్పదు, అయినా లీలామహల్ సెంటర్లో కొనడం కన్నా అదే చవక.

ఈ కాలంలో వచ్చే ఫోన్లతోనూ జాగ్రత్త. మీ స్కాలర్‌షిప్పు మంజూరైంది, ప్రాసెసింగుకు ఐదు వందలు పంపండి, ఓటీపీ చెప్పండి అని ఎవరైనా అడిగితే అది మోసం. ఏ ప్రభుత్వ స్కాలర్‌షిప్పుకూ ఎవరికీ ఫోను మీద డబ్బు పంపే పని లేదు. ఈ మాట విద్యార్థుల కన్నా ఊళ్లో ఉండే తల్లులకు ఎక్కువ అవసరం, ఫోన్లు వాళ్లకే వస్తాయి.

తొలి ఖర్చుల్లో ఆఖరుది మొదటి సెమిస్టరు పరీక్ష ఫీజు. నోటిఫికేషన్ వస్తుంది. అపరాధ రుసుము లేకుండా ఒక తేదీ, అపరాధ రుసుముతో ఇంకో తేదీ ఉంటాయి. మొదటి తేదీకే కట్టేయాలి. హాల్‌టికెట్ ఇచ్చే ముందు హాస్టల్ బకాయి ఉందా, గ్రంథాలయం పుస్తకం తిరిగి ఇచ్చారా అని చూస్తారు. మెస్సు రెండు నెలలు ఆపినవారికి పరీక్ష ఫీజు, ఆ బాకీ కలిసి ఒకే వారంలో వస్తాయి. తిన్న రోజుకు డబ్బు పక్కన పెట్టుకున్నవారు పరీక్ష ఫీజు ఒక్కటే కడతారు. సంవత్సరానికోసారి ఫీజు తీసుకునే కోర్సుల్లో, ఇది కట్టేశాక రెండో సెమిస్టరుకు మిగిలేది నెలనెలా మెస్సు బిల్లు, మళ్లీ పరీక్ష ఫీజు, అంతే. అప్పటికి శనక్కాయల డబ్బు కూడా ఇంటికి చేరి ఉంటుంది. తెచ్చిన అప్పు అసలు తీర్చడానికి అదే సమయం.